పక్క మంచం

సోమవారం పొద్దున మేస్త్రి డార్మిటరీ తలుపు తోసేసరికి, కిటికీ పక్క మంచం మీద కళ్ళజోళ్ళ పెద్దాయన దగ్గుతూ కనిపించాడు. అది గొంతులో పుట్టిన దగ్గు కాదు. కడుపులోంచి తవ్వుకొస్తున్నట్టు వస్తోంది. దగ్గిన ప్రతిసారీ ఇనప మంచం కాళ్ళు గచ్చు మీద కిర్రుమంటున్నాయి. మేస్త్రి తన పనిముట్ల పెట్టెను పక్క మంచం కిందికి తోసి, గొలుసు చుట్టి తాళం వేసి, "ఏం బాబాయ్, ఈ నెల నాకంటే ముందే దిగావే," అన్నాడు. పెద్దాయన చెయ్యి ఊపాడు. మాట రావడానికి కాసేపు పట్టింది.

"నాలుగు రోజులైంది. తిరుగుదామంటే ఓపిక లేదు మేస్త్రీ. నా బదులు మంచమే తిరుగుతోంది."

మేస్త్రి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. నెలకో వారం ఈ ఊళ్ళో దిగి, రెడీమేడ్ బట్టల షెడ్లూ దర్జీ కొట్లూ చుట్టి పోతాడు. పెద్దాయన చదువుకునే కళ్ళద్దాలు అమ్ముతాడు. అట్టపెట్టె మెడకి తగిలించుకుని ఆఫీసు మెట్లూ ఆస్పత్రి గేట్లూ తిరుగుతాడు. బస్సు స్టాండు వెనక ఉన్న ఈ లాడ్జిలో ఇద్దరివీ పక్కపక్క మంచాలు. పగలంతా ఎవరి దారి వారిది. సాయంత్రం బకెట్ల దగ్గర వరసలో నిలబడ్డప్పుడు మాత్రం ఒకరి సబ్బు ఒకరు వాడుకునేంత చనువు.

పోయిన ఏడు దాకా అది ఒట్టి లాడ్జి. ఇప్పుడు హాస్టల్ అయింది. ఓనరు గోడలకి నీలం రంగు కొట్టించాడు, మెట్ల మలుపులో ప్లాస్టిక్ మొక్క పెట్టించాడు, ఆ మొక్క పక్కన ఫొటో తీయించి ఫోనుల్లోకి ఎక్కించాడు. దాంతో మూటలూ పెట్టెలూ మోసుకొచ్చే పాతవాళ్ళ మధ్యకి వీపు సంచులవాళ్ళు రావడం మొదలుపెట్టారు. 'విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు' అన్న బోర్డు మాత్రం ఉన్నచోటే ఉంది. చుట్టూ నాలుగు పువ్వులు గీశారంతే.

ఆ వారం ఆ ఆరు మంచాల గదిలో వీపు సంచులవాళ్ళు ఇద్దరున్నారు. ఊళ్ళు చూడటానికి బయల్దేరిన స్నేహితులు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఒకడు తన దగ్గరున్న దగ్గుమందు సీసా పెద్దాయనకిచ్చి మూత కూడా తీసి పెట్టాడు. రెండోవాడు మూడు రోజులుగా నిద్ర లేక ఎర్రబడ్డ కళ్ళతో ఫోనులో ఏదో రాసుకుంటున్నాడు. ఆ రాసిందేమిటో మేనేజరు చెబితే తెలిసింది మేస్త్రికి. గదిలో రోగిని పెట్టుకున్నారని రాసి, లాడ్జికి అయిదు చుక్కల్లో ఒకటే చుక్క ఇచ్చాడట. ఓనరు ఆ ఒక్క చుక్కనీ చూసి, పొద్దున్నే మేనేజరుకి ఫోను చేసి తలంటు పోశాడట.

"పోయినసారి పై అంతస్తులో ఒకాయన పోతే పోలీసులు పది రోజులు తలుపులు మూయించారు అన్నా," అన్నాడు మేనేజరు, మెట్ల కింద తన స్టూలు మీద కూర్చుని. "ఇప్పుడింకోటి జరిగితే ఓనరు నన్నే మూసేస్తాడు."

మేనేజరు నలభై ఏళ్ళవాడు. మెట్ల కిందే పడుకుంటాడు, అక్కడే తింటాడు. నోటి దురుసు లేని మనిషి. ఎవరైనా పెట్టె మోయలేకపోతే తనే ఎదురెళ్ళి అందుకుంటాడు. మేస్త్రి ఎప్పుడొచ్చినా అదే మంచం ఉండేలా చూస్తాడు. అందుకని ఆ మాటకి మేస్త్రి తలూపి, పనికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వచ్చేసరికి పెద్దాయన ఇంకా అలాగే గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదన్నాడు. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. మేస్త్రి బ్రెడ్డు తెచ్చి టీలో ముంచి ఇస్తే ఒక ముక్క తిని, రెండో ముక్క చేతిలోనే పట్టుకుని మర్చిపోయాడు. డాక్టరు దగ్గరికి పోదాం పద అంటే, ఎల్లుండి ఇంటికి పోతాననీ, కూతురు చూపిస్తుందనీ, దానికి తెలిస్తే కంగారు పడుతుందనీ అన్నాడు. అంతలోనే కూతురు ఫోను చేసింది. ఆ రెండు నిమిషాలూ ఆయన దగ్గుని ఎలా బిగబట్టాడో ఏమో, మేస్త్రి చూస్తూ ఉండిపోయాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. "బాగానే ఉన్నా తల్లీ, బేరాలు బాగున్నాయి," అన్నాడు. ఫోను పెట్టేశాక దుప్పటి నోట్లో కుక్కుకుని, గోడవైపు తిరిగిపోయాడు.

మంగళవారం తెల్లవారి, మేస్త్రి మొహం కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటుంటే మేనేజరు పైకొచ్చాడు. పెద్దాయనకి స్పృహ సగం ఉంది, సగం లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ పిలిస్తే ఒకటికి రెండుసార్లు పిలవాలి. వీపు సంచులవాళ్ళు ఇద్దరూ అప్పటికే ఏదో కోట చూడటానికి బయటపడ్డారు.

"పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నా," అన్నాడు మేనేజరు. "కింద ఆటో పెట్టా. నాకొక్కడికీ మెట్ల మీద కుదరదు. ఓ చెయ్యి వెయ్యి అన్నా."

అప్పటికే మేస్త్రి ఫోను రెండుసార్లు మోగింది. షెడ్డు యజమానిది. పధ్నాలుగు మిషన్లలో ఆరు దారం తెంపుతున్నాయి, ఎగుమతి సరుకు ఆగిపోయింది, ఎనిమిదింటికల్లా రాకపోతే ఇంకో మెకానిక్కుని పిలుచుకుంటానన్నాడు. మేస్త్రి ఫోను జేబులో వేసుకుని పెద్దాయన కాళ్ళు పట్టుకున్నాడు. మేనేజరు చంకల కింద చేతులు వేశాడు. మనిషి బరువేం లేడు. కానీ మెట్లు ఇరుకు, మలుపులో ప్లాస్టిక్ మొక్క అడ్డం. మేస్త్రి వెనక్కి నడుస్తూ, మడమతో మెట్టు మెట్టు వెతుక్కుంటూ దిగాడు. పెద్దాయన చూపు మేస్త్రి మొహం మీదే ఉంది.

మలుపు దగ్గర ఆగినప్పుడు, "నువ్వూ వస్తావుగా మేస్త్రీ," అన్నాడు. చాలా మెల్లగా, మర్యాదగా, బస్సులో పక్క సీటు అడిగినట్టు.

"సాయంత్రం వస్తా బాబాయ్. పని ముగించుకుని నేరుగా అక్కడికే వస్తా."

ఆటోలో కూర్చోబెట్టి, కళ్ళజోళ్ళ పెట్టె కూడా అందులోనే దూర్చి సంచీ ఒళ్ళో పెట్టారు. మేస్త్రి పైకెళ్ళి పెట్టె తెచ్చుకుని దిగేసరికి, మేనేజరు కౌంటరు మీద రిజిస్టరు తెరిచి పట్టుకున్నాడు. ఆస్పత్రికి పంపుతున్నట్టు ఒక సాక్షి సంతకం కావాలన్నాడు. మళ్ళీ ఫోను మోగింది. మేస్త్రి కుడిచేతిలోంచి ఎడమచేతికి పెట్టె మార్చుకుని, మేనేజరు వేలు చూపించినచోట సంతకం గీకి, పరిగెత్తాడు.

షెడ్డులో తప్పు దారంలో లేదు, మిషన్లలోనూ లేదు. కొత్తగా తెచ్చిన సూదులు ఒక వెంట్రుకవాసి పొడుగు. ఆ వెంట్రుకవాసికే కింద తిరిగే షటిల్ కొక్కెం దారాన్ని అందుకోలేక తెంపేస్తోంది. మేస్త్రి ఒక్కో మిషనూ వెల్లకిలా తిప్పి, షటిల్ మరలు వదులు చేసి, చక్రం చేత్తో తిప్పుతూ, సూది పైకి లేచే క్షణానికి కొక్కెం మొన దాని కంతకి సరిగ్గా తగిలేలా కూర్చోబెట్టాడు. నాలుగింటికి ఆరో మిషను పాడటం మొదలుపెట్టింది. షెడ్డు యజమాని ఒక్క ముక్క మెచ్చుకోలేదు గానీ టీ తెప్పించాడు. రెండు మిషన్లకి కొక్కెం అరగొచ్చింది, కొత్తవి పార్సిల్లో రావాలి, రేపు వస్తానని చెప్పి మేస్త్రి బయటపడ్డాడు.

ఆస్పత్రి ఒక వైపు, లాడ్జి ఒక వైపు. చేతులకి నూనె, ఒంటికి చెమట. స్నానం చేసి పోదామని లాడ్జికే వచ్చాడు. కిటికీ పక్క మంచం మీద అప్పుడే కొత్త దుప్పటి పరిచి ఉంది. దాని మీద పరీక్ష రాయడానికొచ్చిన ఎవరో మనిషి పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. మేనేజరు ఎదురొచ్చి, పెద్దాయన్ని వార్డులో చేర్చుకున్నారనీ, ముక్కుకి గొట్టం పెట్టారనీ, ఇంటికి కబురు వాళ్ళే చేస్తారనీ చెప్పాడు.

"ఇప్పుడెళ్ళినా గేటు దగ్గరే ఆపేస్తారు అన్నా. చూసే టైము అయిపోయింది. రేపు వెళ్దువులే."

ఆ మాట కోసమే చూస్తున్నట్టు మేస్త్రి ఒళ్ళు తేలిక పడింది. స్నానం చేశాడు, తిన్నాడు, పడుకున్నాడు. దగ్గు లేని గదిలో ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది. బుధవారం పొద్దున లేచాక, ఎంత బాగా నిద్రపోయానో కదా అనుకున్నాడు. ఎందుకు పట్టిందో గుర్తొచ్చి, మంచం అంచున కాసేపు అలాగే కూర్చున్నాడు.

పార్సిల్ కౌంటరు బస్సు స్టాండులో చివర ఉంది. కొక్కేల డబ్బా తీసుకుని తిరిగి వస్తుంటే, ఆఖరి షెల్టరు దగ్గర పేపర్లమ్మే ఆవిడ పేపరు చెయ్యి చాచి దూరంగా పట్టుకోకుండా, దగ్గరగా పెట్టుకుని తాపీగా చదువుకుంటోంది. ముక్కు మీద కొత్త కళ్ళజోడు. గోధుమరంగు ఫ్రేము, చెవి దగ్గర చిన్న పసుపు చుక్క. ఆ రకం పెద్దాయన పెట్టెలో పై వరసలో ఉండేది. మేస్త్రి ఆగిపోయాడు. ఎక్కడ కొన్నారని అడిగాడు.

కొనలేదంది ఆవిడ. నిన్న పొద్దున ఒక ఆటో వచ్చి ఒక ముసలాయన్ని ఆ బల్ల మీద దించి పోయింది. ఎవరితను అని తను అడిగితే, చుట్టాలు వస్తారు, వచ్చి తీసుకుపోతారన్నాడట ఆటో అతను. వెంట ఇంకెవరూ లేరు. ముసలాయన నీళ్ళడిగితే తన సీసా ఇచ్చింది. తాగాక ఆయన ఈవిడ పేపరు చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదవడం చూసి, సంచీలో తడిమి తడిమి ఒక జత తీసిచ్చాడు. పెట్టుకుని చూడమన్నాడు. కాదని ఇంకో జత ఇచ్చాడు.

"'ఇప్పుడు కనబడుతున్నాయా అమ్మా, చిన్నక్షరాలు' అన్నాడు. కనబడుతున్నాయన్నా. తలూపాడు. అదే ఆఖరి మాట."

మధ్యాహ్నం ఎప్పుడో ఆయన ఒక పక్కకి ఒరిగిపోయాడు. నిద్రనుకున్నారు అందరూ. మూడింటికి స్వీపరు లేపబోతే తెలిసింది. సంచీ అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. మున్సిపాలిటీ బండి వచ్చి పెద్దాసుపత్రి మార్చురీకి తీసుకెళ్ళింది. దిక్కూ మొక్కూ లేనివాళ్ళని మూడు రోజులు ఉంచుతారట, ఎవరూ రాకపోతే వాళ్ళే ఏదో చేసేస్తారట. ఆవిడ ఇదంతా చెబుతూ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "మీకు తెలిసినాయనా?" అంది.

మేస్త్రి డబ్బా చంకలో పెట్టుకున్నాడు. షెడ్డు వైపు నడిచాడు.

ఆ రోజు రెండే మిషన్లు, రెండు కొక్కేలు. గంట పని. మూడు సూదులు విరిగాయి. మూడో సూది ముక్క ఎగిరి బుగ్గకి తగిలినా చెయ్యి పెట్టి చూసుకోలేదు. మిషను మీద కూర్చునే అమ్మాయి, "ఏంటి మేస్త్రి మావయ్యా, ఇవాళ మిషనే నిన్ను రిపేరు చేసేలా ఉంది," అంది. పక్కవాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వడానికి ప్రయత్నించాడు.

సాయంత్రం లాడ్జిలో మేనేజరు కౌంటరు తుడుస్తున్నాడు. మేస్త్రి విన్నది విన్నట్టు చెప్పాడు. మేనేజరు తుడవడం ఆపలేదు. తను ఆస్పత్రికనే చెప్పి పంపాననీ, ఆటోవాడు మధ్యలో దింపేస్తే తనేం చేస్తాననీ అన్నాడు. నువ్వు కూడా వెళ్తానన్నావు కదా అని మేస్త్రి అడిగాడు. వార్డు అన్నావు, గొట్టం అన్నావు. అప్పుడు మేనేజరు గుడ్డ పక్కన పెట్టి, రిజిస్టరు తీసి, పేజీ తిప్పి, మేస్త్రి వైపు తోశాడు.

గది ఖాళీ చేసి, ఆరోగ్యంగా, తన ఇష్టప్రకారం వెళ్ళిపోయారు, అని ఉంది. కింద సాక్షి అన్నచోట మేస్త్రి సంతకం. పరుగులో గీకింది కాబట్టి తోక కొంచెం పొడుగ్గా సాగింది.

"నీ మీదకి తోద్దామని కాదన్నా," అన్నాడు మేనేజరు. మెట్ల కిందున్న తన స్టూలు వైపు చూశాడు. "నా వెనకాల ఎవరూ లేరు. ఈ స్టూలు పోతే నాకు పడుకునే చోటు కూడా లేదు. నోరు మూసుకుని ఉంటే ఇద్దరం బతుకుతాం. విప్పితే, మొదట అడిగేది ఆయన్ని మెట్లు దింపిందెవరనే."

మేస్త్రి రిజిస్టరు మూసి పైకెళ్ళాడు. పరీక్ష మనిషి పెద్దగా చదువుకుంటున్నాడు. వీపు సంచులవాళ్ళలో దగ్గుమందు ఇచ్చినవాడు, పెద్దాయనకి ఎలా ఉందని అడిగాడు. ఆస్పత్రిలో ఉన్నాడన్నాడు మేస్త్రి. మంచిదైంది, అన్నాడు వాడు మనస్ఫూర్తిగా.

గురువారం పొద్దున మేస్త్రి పెట్టెతో దిగుతుంటే, కౌంటరు ముందు ఒకామె నిలబడి ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. మందుల గిడ్డంగిలో పనిచేసేవాళ్ళు వేసుకునే ఆకుపచ్చ కోటు మడిచి చేతి మీద వేసుకుంది. పని మధ్యలోంచి అలాగే బస్సెక్కినట్టుంది. ఫోనులో ఫొటో మేనేజరుకి చూపిస్తోంది. మేస్త్రికి ఫొటో చూడాల్సిన అవసరం లేకపోయింది. ఆ గడ్డం, ఆ కనుబొమలు ఆమె మొహంలోనే ఉన్నాయి.

మంగళవారం నుంచీ ఫోను ఎత్తట్లేదనీ, నిన్నటి నుంచి అసలు మోగడమే లేదనీ చెబుతోంది. మేనేజరు రిజిస్టరు తిప్పి చూపించాడు. మంగళవారమే ఖాళీ చేశారన్నాడు. తర్వాత తలెత్తి మెట్ల మీదున్న మేస్త్రిని చూశాడు.

"ఆయన్నడగండి, పక్క మంచమే. దగ్గరుండి సాగనంపారు."

ఆమె ఇటు తిరిగింది. మేస్త్రి ఆఖరి మెట్టు మీదే ఆగాడు.

"అవునమ్మా," అన్నాడు.

"నడిచే వెళ్ళారా?"

"నడిచే."

"ఎటు వెళ్తానన్నారు?"

తెలియదు అంటే సరిపోయేది. కానీ ఆమె కళ్ళు ఆ ఒక్క మాట కోసం ఎంతలా ఎదురుచూస్తున్నాయంటే, ఖాళీ చేతుల్తో పంపలేకపోయాడు. దక్షిణం వైపు ఊళ్ళు చూసుకుని ఇంటికొస్తానన్నాడని చెప్పాడు. తిన్నాడా అని అడిగింది. టీ, బ్రెడ్డు తిన్నాడన్నాడు. ఆమె ఊపిరి వదిలింది. "ఆ ఫోను ఎక్కడో పడేసుకుని ఉంటాడు," అని తనకి తనే చెప్పుకుని, మేస్త్రికి దండం పెట్టి, బస్సు స్టాండు వైపు వెళ్ళిపోయింది. మేనేజరు మేస్త్రి వైపు చూడకుండా కౌంటరు తుడవడం మొదలుపెట్టాడు.

ఆ రోజు పని మార్కెట్టు వీధిలో ఒక దర్జీ కొట్టులో. పాత మిషను, తొక్కుడు పలక ఇరుసు అరిగిపోయింది. మేస్త్రి నేల మీద కూర్చుని బెల్టు ఊడదీశాడు. నట్లన్నీ విప్పి పాత పేపరు మీద వరసగా పేర్చాడు. ఇరుసు బయటికి లాగి దీపం కింద పట్టుకుని చూస్తున్నాడు. చూస్తున్నదేమిటో బుర్రకెక్కడం లేదు. మంగళవారం, బుధవారం, గురువారం అని లెక్కపెట్టుకున్నాడు. ఆమె దక్షిణానికి పోతుంది. ఒక్కో ఊళ్ళో దిగి, ఒక్కో లాడ్జి కౌంటరు ముందు ఫొటో చూపిస్తుంది. ఇక్కడ ఇవాళ్టితో మూడు రోజులూ అయిపోతాయి. ఆ తర్వాత ఆ ఫొటో పట్టుకుని ఎన్నేళ్ళు తిరిగినా అంతే. అబద్ధం అయితే ఆడేశాడు గానీ, దానికి ఒక ఊరు కూడా అతికించి ఇచ్చాడు.

ఇరుసు పేపరు మీద పెట్టి లేచాడు. దర్జీ ఎక్కడికని అడిగాడు. వస్తానని కూడా చెప్పకుండా, పెట్టె తెరిచినది తెరిచినట్టే వదిలేసి, చేతులకి గ్రీజుతో వీధిలో పడ్డాడు. యాభై దాటిన మనిషి మార్కెట్టులో అలా పరిగెత్తితే ఏ జేబు కొట్టాడో అనుకుంటారు. ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు కూడా.

దక్షిణం బస్సు ఇంకా కదల్లేదు. ఆమె డ్రైవరు వెనక మూడో సీటులో, కిటికీ పక్కన, కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మేస్త్రి ఎక్కి, ఆమె పక్క సీటు ఖాళీగానే ఉన్నా కూర్చోకుండా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. రొప్పు తగ్గేదాకా ఆగాలనుకున్నాడు. ఆగితే చెప్పలేనని తెలిసి, రొప్పుతూనే చెప్పాడు. దగ్గు, నల్లబడ్డ పెదవులు, ఆటో, షెల్టరు బల్ల, పేపర్లావిడ ఇచ్చిన నీళ్ళు, మున్సిపాలిటీ బండి. నడిచి వెళ్ళలేదమ్మా, మేం మోసుకెళ్ళాం, అన్నాడు.

వెనక సీటులో ఎవరో వేరుశనక్కాయలు ఒలుస్తున్న చప్పుడు ఆగిపోయింది.

ఆమె కిటికీ అద్దం వైపు తిరిగింది. తర్వాత, "మీరు తల వైపు పట్టుకున్నారా, కాళ్ళ వైపా?" అని అడిగింది.

"కాళ్ళ వైపు."

"అంటే ఆయనకి మీ మొహం కనబడుతూనే ఉంది."

"కనబడింది. నువ్వూ వస్తావుగా అని అడిగాడు."

"మీరేమన్నారు?"

"సాయంత్రం వస్తానన్నాను."

ఆమె లేచింది. మేస్త్రి కడ్డీ వదిలి పక్కకి జరిగాడు. దిగేటప్పుడు మెట్టు మీద ఆమె కాలు తడబడింది. మేస్త్రి చెయ్యి చాపాడు. ఆ గ్రీజు చెయ్యి చూసి, ఆమె తలుపు అంచే పట్టుకుని దిగింది.

ఆస్పత్రి దాకా నడిచే వెళ్ళారు. ఆమె ముందు, ఆయన నాలుగడుగుల వెనక. మలుపుల దగ్గర మాత్రం ఆమె ఆగేది. ఆయన ఎడమ అనో కుడి అనో చెబితే మళ్ళీ నడిచేది. మార్చురీ ఆస్పత్రి వెనక, లాండ్రీ షెడ్డు పక్కన ఉంది. ఉడుకుతున్న దుప్పట్ల ఆవిరి అటువైపే కొడుతోంది. లోపలికి ఆమె ఒక్కతే వెళ్ళింది. మేస్త్రి బయట నిలబడి తలుపుకేసి చూశాడు. కాసేపటికి ఆమె బయటికొచ్చి, గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. కాపలా మనిషి పుస్తకంలో 'గుర్తు తెలియని' అన్న మాట కొట్టేసి, పక్కన పేరు రాసుకున్నాడు.

ఆస్పత్రిలోనే పోలీసులకి ఒక చిన్న గది ఉంది. బల్ల వెనక హెడ్డు కానిస్టేబులు ఒకాయన, కాగితాలతో రైటరు ఒకాయన. మేస్త్రి చెప్పింది హెడ్డు మొత్తం విన్నాడు. విని, కుర్చీ వెనక్కి వాల్చి, ఆమెని కాసేపు బయట ఉండమన్నాడు. ఆమె కదల్లేదు. సరే అన్నట్టు ఆయన ఆమె ముందే మాట్లాడాడు.

"చూడు పెద్దమనిషీ, ఇది ఇలాగే రాయిస్తే మేనేజరుతో పాటు నీ పేరూ ఎక్కుతుంది. మోసింది నువ్వు, సంతకం నీది. నాకేం తెలియదు, శవాన్ని గుర్తుపట్టానంతే అని రాయిస్తే ఈ పూటే పోవచ్చు. ఆలోచించుకో."

మేస్త్రి ఆలోచించుకున్నాడు. దర్జీ కొట్టులో తెరిచి ఉన్న పెట్టె గుర్తొచ్చింది. ఇంట్లో భార్య ఈ సాయంత్రం ఫోను చేస్తుంది, ఏం చెప్పాలో తెలియలేదు. మేనేజరు స్టూలు కళ్ళ ముందు కదిలింది. వాడికీ ఎవరూ లేరు, అదీ అబద్ధం కాదు. చేతుల గ్రీజు ప్యాంటుకి తుడుచుకుని, జరిగింది జరిగినట్టే రాసుకోండి, అన్నాడు.

రైటరు మొదలుపెట్టాడు. ఊరు, వయసు, వృత్తి. తర్వాత కలం ఆపి, "చనిపోయినాయనకి మీరేమవుతారు?" అన్నాడు.

"ఏమీ కాను."

"ఆ గడి ఖాళీగా వదలకూడదు. స్నేహితుడని రాయనా?"

"అలా రాయకండి," అంది ఆమె. బస్సు దిగాక మేస్త్రి ముందు ఆమె నోరు విప్పడం అదే మొదలు. రైటరు కలం పట్టుకుని ఆమెకేసి చూశాడు. "పక్క మంచం అని రాయండి."

రైటరు హెడ్డుకేసి చూశాడు. హెడ్డు భుజాలు ఎగరేశాడు. రైటరు రాసుకున్నాడు.

మేనేజరుని తీసుకురావడానికి మనిషిని పంపారు. వాళ్ళొచ్చేదాకా ఎక్కడికీ వెళ్ళకూడదని మేస్త్రిని బయట బల్ల మీద కూర్చోబెట్టారు. పెద్దాయన్ని ఇంటికి చేర్చే బండి కోసం ఆమె కూడా కాగితాలు పట్టుకుని అదే వరండాలో నిలబడింది. ఇంకో బల్ల లేదు. చాలాసేపు నిలబడి, చివరికి వచ్చి ఆ బల్లకే అటు చివర కూర్చుంది. ఇద్దరి మధ్య ఇద్దరు కూర్చునేంత చోటు.

లాండ్రీ వైపు నుంచి ఎవరో దుప్పట్ల బండి తోసుకుంటూ పోయారు. దాని చక్రం ఒకటి కీచుమంటోంది. మేస్త్రి ఆ చప్పుడు దూరమయ్యేదాకా విన్నాడు.

"నాన్న నెలకి నాలుగు రోజులే ఇంట్లో ఉండేవాడు," అంది ఆమె, నేలకేసి చూస్తూ. "మిగతా రోజులు ఎలా ఉండేవాడో నాకు తెలీదు. పొద్దున లేవగానే ఏం చేసేవాడు?"

ఈసారి ఒక్క మాట కూడా కల్పించకూడదనుకున్నాడు మేస్త్రి. ఉన్నదున్నట్టు గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు పట్టింది.

"లేవగానే తన కళ్ళజోడు వెతుక్కునేవాడమ్మా," అన్నాడు. "వంద జతలు మంచం కింద పెట్టుకుని, తనది మాత్రం రోజూ పోగొట్టుకునేవాడు. దిండు కిందా, చొక్కా జేబులో, చెప్పుల్లో. అందరం వెతికేవాళ్ళం. దొరికాక దుప్పటి మడతపెట్టేవాడు. మూలలు సరిగ్గా కలిసేదాకా ఒప్పుకునేవాడు కాదు, మళ్ళీ విప్పి మళ్ళీ మడిచేవాడు. నా దుప్పటి కూడా ఆయనే మడిచేవాడు, నాకు రాదని. తర్వాత కిటికీ తీసేవాడు. తీసి, అక్కడ గోడ మీద ఒక పిల్లి ఉండేది, దానితో..."

బండి వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, కాగితాలు ఎవరి దగ్గరున్నాయని అడిగాడు. ఆమె లేచి వెళ్ళింది.